మూల మిగులు

వర్క్‌షాపు, కిటికీ పక్క బల్ల
మార్చి 6

అమ్మడూ,

నువ్వు వెళ్ళి మూడు వారాలైంది. ఇన్నేళ్ళూ ఫోన్‌లో నీ గొంతు వినడం అలవాటై, ఇప్పుడు కాగితం ముందు కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. మీ అన్నయ్యకి ఒకటే నవ్వు. "రేపటి ఫోన్ల కోసం పనిచేసే ఊళ్ళో ఫోనే పనికిరాదా? మా చెల్లెలి నోటికి తగ్గ ఉద్యోగమే దొరికింది" అంటున్నారు. కొలతలు తీసే చోట ఇంకో ఫోను పలికితే లెక్క చెడుతుందని, అందుకే గేటు దగ్గర అందరి ఫోన్లూ పెట్టెలో వేసి తాళం పెడతారని చెప్పాను. అయినా నవ్వుతూనే ఉన్నారు. మోకాలు నొప్పి ఉన్న మనిషి, నవ్వనీలే అని ఊరుకున్నాను.

ఫోను సిగ్నలు పంపే ప్యానెళ్ళు తెచ్చే వ్యాను డ్రైవరు రెండు వారాలకోసారి మీ దగ్గరికి వస్తాడు కాబట్టి ఉత్తరాలు అతని చేతికే ఇస్తాను. మంచివాడే. చదవడు. అడుగుతాడంతే.

ఇక్కడ పని కుదురుగానే ఉంది, కళ్ళే కుదురుగా లేవు. నువ్వు ఉన్నప్పుడు ఒక రకం ప్యానెల్ ఉండేది, ఇప్పుడు మూడు రకాలు. ఇంజనీర్లు ఏదో ఫ్రీక్వెన్సీ బ్యాండు అని అంకెలు చెబుతారు. మా బల్ల దగ్గర ఆ అంకెలు ఎవరికీ గుర్తుండవు. అందుకని సిగ్నలు అల పొడవును బట్టి పేర్లు పెట్టుకున్నాం. పాతది అరచేయి. దాని అల అరచేతి వెడల్పు ఉంటుందట. నడిమిది బొటనవేలు. అన్నిటికన్నా కురచది గోరు. అరచేయి ప్యానెల్లో అరవై నాలుగు రాగి బిళ్ళలుంటాయి కదా. ఆ ప్యానెల్ అంతే ఉంచి గోరు అలకి బిళ్ళలు అమర్చితే నాలుగు వేలు పడతాయట! అంత వద్దని పరీక్ష కోసం చిన్న పలక చేశారు. దానిలోనే రెండు వందల యాభై ఆరున్నాయి. ప్రతి బిళ్ళకీ ఒక తీగ. ప్రతి తీగా ఒకే పొడవు. కోసేది ఎవరనుకున్నావు?

మా సూపర్‌వైజరు (వాడికి మేం పెట్టిన పేరు స్కేలు అని నీకు తెలుసుగా, జేబులో స్టీలు స్కేలు లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళడు) నిన్న అందరినీ పిలిచి ఒక మాట చెప్పాడు. మీ కొలతలు చూశాక ఊళ్ళకి ఏ అల పెట్టాలో పైవాళ్ళు తేలుస్తారట. గోరు అని తేలితే తీగలే ఉండవట. బిళ్ళలూ దారులూ అన్నీ పలక మీదే మిషను అచ్చువేస్తుందట. "అప్పుడు ఈ బల్ల ఉండదు" అన్నాడు తలవంచుకుని. పదకొండు మందిమి ఆ బల్ల మీద బతుకుతున్నాం. నా పక్కన కూర్చునే పొడుగు మనిషి, నిచ్చెన, "మరి మా చేతులు ఎక్కడ అచ్చువేస్తారు?" అంది. ఎవరికీ నవ్వు రాలేదు.

ప్రార్థనలో కూర్చుంటే ఏం అడగాలో తెలియడం లేదమ్మా. గోరు ఓడిపోవాలని అడగడం తప్పులా అనిపిస్తోంది. నీకు దగ్గు తగ్గాలని మాత్రం అడిగాను.

వేళకి తిను.
వదిన


కొలతల ఊరు, మూడో అంతస్తు గది
మార్చి 20

వదినా,

దగ్గు తగ్గింది. నీ ప్రార్థనకి తగ్గిందో, ఇక్కడ మాట్లాడేవాళ్ళు లేక తగ్గిందో. అన్నయ్యకి చెప్పు, ఆయన చెల్లెలు రోజంతా ఒక తోపుడు బండితో మాట్లాడుతోందని.

నిజంగానే బండి. దాని మీద నిలువు కర్ర, కర్ర చివర కొలత పెట్టె. వీధుల్లో నలభై ఒక్క చోట్ల సున్నంతో గుర్తులు పెట్టారు. ఒక్కో గుర్తు మీద బండి నిలపాలి, ఎదురుగా మేడ మీదున్న ప్యానెల్ వైపు చూడాలి, అంకె రాసుకోవాలి, కదలాలి. చివర ఎక్కిరావాల్సిన ఎత్తు ఉంది, అక్కడికొచ్చేసరికి నా నడుమూ బండి చక్రమూ ఒకే రకంగా మూలుగుతాయి. మళ్ళీ మర్నాడు వేరే ప్యానెల్‌తో అదే నలభై ఒకటి. ఇలా ఎన్నాళ్ళో.

నువ్వు అడుగుతావని తెలుసు, చెబుతాను. అరచేయి అలకి పెద్దగా పట్టింపులు లేవు. గోడ చాటున నిలబడినా వస్తుంది, మేడ మలుపు తిరిగినా వస్తుంది. కాని జనం ఎక్కువైతే దానికి చోటు చాలదు. గోరు అల అందుకు తలకిందులు. ఎంతమంది ఉన్నా చోటు బోలెడు, కాని తలుపు వేస్తే రాదు, నేను వీపు తిప్పితే రాదు. అందుకనే దానికి అన్ని బిళ్ళలు. అన్నీ ఒక్కసారి పలికితే అల సన్నని ధార అవుతుంది. మొక్కలకి నీళ్ళు పడుతూ గొట్టం మూతికి వేలు అడ్డం పెడతావే, అలా. ఆ ధారని మనిషి ఉన్న వైపుకి తిప్పుతారు. బొటనవేలు ఈ రెండిటికీ మధ్య. దాని గుణాలూ మధ్యవే.

అయితే మన గోరు ప్యానెల్ ధార బాగా లేదు. సన్నగా వెళ్ళాల్సింది మొద్దుగా వెళుతోంది, చుట్టూ చిందుతోంది. ముప్ఫయ్యో గుర్తు దాటాక దాదాపు ఏమీ లేదు. పెద్ద ఇంజనీరు మూడు రోజులు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ ఊరికి గోరు పనికిరాదు" అనేశారు. (ఆయన కూడా గోరు అనే అంటున్నారు, నేనే అలవాటు చేశాను.) ఇంకా రాతపూర్వకంగా ఏమీ లేదు. ఇంకో రెండు నెలలు కొలవాలి. కాని మీ బల్ల కదలదు వదినా. నిశ్చింతగా ఉండు. నిచ్చెనకి కూడా చెప్పు, చేతులు అచ్చువేయించుకోనక్కర్లేదని.

చెట్లు ఇక్కడ ఇంకా మోడుగా ఉన్నాయి. గదిలో కుర్చీ ఒకటే. బట్టలు దాని మీద వేస్తే నేను మంచం మీద, నేను కుర్చీలో కూర్చుంటే బట్టలు మంచం మీద.

అమ్మడు


వర్క్‌షాపు
ఏప్రిల్ 3

అమ్మడూ,

నీ ఉత్తరంలో బల్ల గురించి రాసిన వరకే బల్ల దగ్గర చదివాను. నిచ్చెన నన్ను కావలించుకుని ఏడ్చింది. ఆమె భర్తకి చూపు పోయి రెండేళ్ళు. ఆ ఇంట్లో సంపాదన ఆమెదే. స్కేలు కూడా ఈల వేసుకుంటూ తిరిగాడు. వాడికి ఈల రాదు, గాలి వస్తుంది.

మీ అన్నయ్య కొత్త కర్ర కొన్నారు. నడవడానికి కాదు, మేడ మెట్ల మీద ఎవరొస్తున్నారో తట్టి అడగడానికి వాడుతున్నారు.

ఒక చిన్న సంగతి అడగాలి. నాకు అర్థమయ్యే విషయం కాదు, ఊరికే అడుగుతున్నాను. ధార చుట్టూ చిందుతోందన్నావు. ఆ చిందేది ప్యానెల్ మూలల నుంచా? మూలల్లో ఉన్న బిళ్ళలు పలకడం ఆలస్యమైతే అలా అవుతుందా? మేమందరం కలిసి ప్రార్థన చదివేటప్పుడు వెనక మూలన కూర్చున్నవాళ్ళు ఒక్క మాట వెనకబడితే గదిలో ఏదీ స్పష్టంగా వినిపించదు. అలాంటిదా?

ఇంకొకటి. గోరు అలకి ఎంత తేడా వస్తే లెక్కలోకి వస్తుంది? వెంట్రుకంతా? గింజంతా?

నీకు వీలున్నప్పుడు రాయి. తొందరేం లేదు.

నీ ఉత్తరం వచ్చాక మనసు తేలికవ్వాలి. అవలేదు. వయసనుకుంటాను.

వదిన


కొలతల ఊరు
ఏప్రిల్ 17

వదినా,

మూలల సంగతి వదిలేయ్. చిందడానికి సవాలక్ష కారణాలుంటాయి. గాలి, మేడ గోడ, వాహనాలు. తీగలు కోయడం నీ పని, అల సంగతి మాకు వదిలేయ్. నువ్విలా లేనిపోనివి తలకెత్తుకుని నిద్ర పాడుచేసుకుంటావనే నేను వివరాలు రాయకూడదు అనుకున్నాను.

కాళ్ళు వాచాయి. ఒక చెప్పు తెగింది. చెట్లు చిగురిస్తున్నాయి, పదిహేనో గుర్తు దగ్గర కొమ్మ వంగి బండికి తగులుతోంది. డ్రైవరు తొందరపెడుతున్నాడు.

అమ్మడు


వర్క్‌షాపు
మే 1

అమ్మడూ,

నీ చిన్న ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు నన్ను కసిరిన ఉత్తరం ఇదే మొదటిది. నీకు తొమ్మిదేళ్ళప్పుడు నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. దువ్వెన పట్టుకుంటే వీధి చివరిదాకా పరిగెత్తేదానివి కాని కసిరేదానివి కాదు. నేనడిగినదానికి జవాబు చెప్పకుండా తప్పించుకున్నావని అప్పుడే అనుకున్నాను. అయినా అదలా ఉంచు. నేను చెప్పాల్సింది ఒకటుంది.

నేను ఈ బల్ల దగ్గర చేరినప్పుడు నాకు పని నేర్పింది ఒక పెద్దావిడ. ఆవిడ చెప్పిన మొదటి మాట, "నడిమి తీగ కాగితం చెప్పినంత కోయి, మూల తీగ కాస్త మిగల్చు." ఎందుకంటే మూలల్లో బిగింపు పట్టీ అడ్డం వస్తుంది, తీగ దాని చుట్టూ వంగాలి. సరిగ్గా కోస్తే వంపు దగ్గర నొక్కుకుపోయి ఆరు నెలలకి లోపల తెగుతుంది. వెంట్రుకంత మిగిలిస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. దాన్ని మేం మూల మిగులు అంటాం. డ్రాయింగులో లేదు. ఏ కాగితంలోనూ లేదు. ఆవిడ నాకు నేర్పింది, నేను మిగతా పదిమందికీ నేర్పాను. పంతొమ్మిదేళ్ళలో మన బల్ల నుంచి వెళ్ళిన ప్యానెల్ మూల తెగి తిరిగి రాలేదు. దానికి మెచ్చుకుని ఒకసారి స్టీలు గిన్నెలు కూడా ఇచ్చారు.

గోరు ప్యానెల్ తీగలు నేనే కోశాను. చేతులు వాటంతటవే మిగిల్చాయి. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

పోయిన సోమవారం మిగిలిపోయిన ముక్కలు తీసి స్కేలుని పిలిచాను.

"బాబూ, నీ స్కేలు ఒకసారి ఇయ్యి."

"నా స్కేలా? నా ప్రాణం అడుగు అక్కా, ఇస్తాను."

ఇచ్చాడు. మూల తీగ ఒకటి, నడిమి తీగ ఒకటి పక్కపక్కన పెట్టాను. మూలది ఒక గీత ఎక్కువ ఉంది. ఒకే ఒక్క గీత.

"ఈ తేడా గోరు అలకి ఎంత?" అని అడిగాను.

వాడు కాగితం మీద లెక్క వేశాడు. తీగ లోపల అల ఇంకా కురచవుతుందట. "అలలో ఏడో వంతు" అన్నాడు. "అరచేయికి ఇది లెక్కలోకే రాదు. దీనికి వస్తుంది" అన్నాడు. "ఎన్ని తీగలు?"

"మూలకి పన్నెండు. నాలుగు మూలలు."

"అక్కా, ఇప్పుడు ఇది నాకెందుకు చెప్పావు?"

"నాకు తెలిసింది గనక."

వాడు స్కేలు జేబులో పెట్టుకోవడం మరిచిపోయి వెళ్ళాడు. అమ్మడూ, గోరు ఓడిపోయింది అల వల్ల కాదు, నా చేతి వల్ల. అది ఓడిపోతే నా బల్ల నిలబడుతుంది. నాకు మేలు చేసే తప్పుని నేను దాచుకుంటే రేపు దేవుడి ముందు ఏ ముఖంతో కూర్చోను? అనుమానం వచ్చాక మూడు వారాలు దాచాను. అదే ఎక్కువైంది.

స్కేలు ఇవాళ పైవాళ్ళకి రాశాడు. ఆ కాగితం కూడా ఈ వ్యానులోనే వస్తోంది. బల్ల దగ్గర ఇంకా ఎవరితోనూ చెప్పలేదు, కాని గోడలకి చెవులున్నట్టుంది. ఇవాళ నిచ్చెన నా పక్కన కూర్చోలేదు.

వదిన


కొలతల ఊరు
మే 5

వదినా,

డ్రైవరు ఇవాళ బండి సామాను కోసం వెనక్కి వస్తున్నాడు, అందుకని ఈ ఉత్తరం. నాకు చాలా కోపంగా ఉంది. దాచుకోవడం నాకు చేతకాదు కాబట్టి రాసేస్తున్నాను.

నాకు తెలుసు. నువ్వు కనిపెట్టకముందే తెలుసు. మార్చి రెండో వారంలో ధార చిందుతుంటే ప్యానెల్ వెనక మూత తీసి చూశాను. మూలల్లో నీ వంపులున్నాయి. చిన్నప్పుడు నా జడ చివర రిబ్బను ముడి పడకుండా కాస్త వదులు ఉంచేదానివి. అదే వదులు. ఎవరి చేయో చెప్పనక్కర్లేదు. మూత వేసేశాను. కొత్త సీలు అతికించి, పుస్తకంలో "ప్యానెల్ సరిగ్గా ఉంది" అని రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాతే నీకు నిశ్చింతగా ఉండమని రాశాను.

నువ్వు మూలల గురించి అడిగినప్పుడు అంతా బయటపడుతుందని భయపడ్డాను. అందుకే కసిరాను. అర్థం చేసుకుంటావనుకున్నాను. ఎప్పుడూ అర్థం చేసుకునేదానివిగా.

ఒక్కమాట నన్నడిగి ఉంటే? ఒక్క వ్యాను ఆగి ఉంటే? నిచ్చెన ఇంట్లో గుడ్డిమనిషి ఉన్నాడు, నువ్వే రాశావు. అన్నయ్య మోకాలు నువ్వే రాశావు. పదకొండు ఇళ్ళు. వాటిని నిలబెట్టడానికి నేను ఒక అబద్ధం రాశాను. నువ్వు వచ్చి ఒక్క స్కేలుతో కూల్చావు. ఇప్పుడు పెద్ద ఇంజనీరు ఆ పుస్తకం తెరుస్తారు. సీలు నంబరు చూస్తారు. మూత తీసిందెవరని అడుగుతారు. తీసింది నేనొక్కదాన్నే.

నీ దేవుడికి చెప్పు, మధ్యలో ఉన్నవాళ్ళ సంగతి కూడా కాస్త చూడమని.

అమ్మడు


వర్క్‌షాపు
మే 8

అమ్మడూ,

నీ కోపం నాకు తగిలింది, తగలాల్సిందే. నా వల్ల నీ సంతకం చిక్కులో పడింది. అది తెలియక చేశాను. తెలిసినా చేసి ఉండేదాన్నేమో, కాని ముందు నీకు రాసేదాన్ని. ఆ ఒక్కటీ నా తప్పే. క్షమించు.

కాని నువ్వు కూడా నన్నడగలేదు. నా కోసం అబద్ధం రాస్తున్నావని నాకు చెప్పలేదు. నేను వద్దంటానని నీకు తెలుసు, అందుకే చెప్పలేదు. తల దువ్వించుకోకుండా పరిగెత్తేటప్పుడూ అంతే, నా వైపు చూసేదానివి కాదు.

ఈ వ్యానులో కొత్త గోరు పలక వస్తోంది. పాతది పక్కన పెట్టి మళ్ళీ కొలవమన్నారట. తీగలు నన్నే కోయమన్నాడు స్కేలు. "వేరేవాళ్ళు కోస్తే చేయి మారిందంటారు" అని. మూలల్లో కూడా సరిగ్గా కోశాను. ఎంత కష్టమో చెప్పలేను. ప్రతిసారీ చేయి ఒక గీత అవతలికి వెళుతుంది, వెనక్కి లాగాలి. పంతొమ్మిదేళ్ళ అలవాటు. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, ఏడుపు కాదు, సన్నపని. పట్టీ దగ్గర వంచేటప్పుడు తొమ్మిది తీగలు నొక్కుకుపోయి పాడయ్యాయి. మళ్ళీ కోశాను. మూలలు ఎక్కువకాలం నిలవవు. నీ కొలతలు అయ్యేదాకా నిలుస్తాయి.

పెద్ద ఇంజనీరు ఆ పేజీ తిప్పకముందే నువ్వు వెళ్ళి చెప్పు. అడిగాక చెబితే అది జవాబు అవుతుంది. అంతకుమించి నీకు చెప్పే తెలివి నాకు లేదు. స్కూలు చదువుతో ఆగిపోయినదాన్ని.

కొత్త చెప్పులు డ్రైవరు చేతికిచ్చాను. నీ కొలత మారలేదనుకుంటాను.

వదిన


కొలతల ఊరు
జూన్ 12

వదినా,

చెప్పులు సరిపోయాయి. ఇంతకాలం రాయనందుకు తిట్టుకో. ముందు సిగ్గు, తర్వాత పని.

నువ్వు చెప్పినట్టే ముందే వెళ్ళాను. పెద్ద ఇంజనీరు టీ తాగుతున్నారు. నిలబడే చెప్పేశాను, మూత తీసింది, చూసింది, రాసింది అన్నీ. ఆయన కేకలేస్తారనుకున్నాను. కప్పు కింద పెట్టి, "ఎవరికోసం?" అన్నారు.

"మా వదినండీ."

"ఆ ఉత్తరం రాయించింది కూడా మీ వదినేనా?"

"ఆవిడేనండీ."

"ఇంట్లో మీ ఇద్దరికీ ఎలా కుదురుతుందమ్మా?" అని పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నారు. అంతే. ఇక సంతకం నాది కాదు. ఇంకొకతను అంకెలు రాస్తాడు, నేను బండి తోస్తాను. నలభై ఒక్క గుర్తులూ కళ్ళు మూసుకుని తోయగలను కాబట్టి ఉంచారు.

నీ కొత్త పలక సంగతి చెప్పాలి. వదినా, ధార సూదిలా వచ్చింది. మొదటి రోజు ముప్ఫై దాటినా ఉంది, నలభైలో ఉంది. అంకెలు రాసే అతను బండి చుట్టూ రెండుసార్లు తిరిగి పెట్టె సరిగ్గా ఉందా అని తట్టి చూశాడు. నేను చెప్పలేదు, అది మా వదిన చేయి అని. చెప్పాలని ఉంది.

కాని ఇప్పుడు చెట్లనిండా ఆకులు. పదిహేనో గుర్తు దగ్గర, ఆ కొమ్మ కింద, సూదిలాంటి ధార ఆకుల్లోకి వెళ్ళి ఇవతలికి రాలేదు. చెట్టు ఉన్న ప్రతిచోటా అంతే. వాన పడిన రోజు ఇంకా అన్యాయం. బొటనవేలు మాత్రం సగం తగ్గినా ఆకులు దాటుకుని వచ్చింది. పెద్ద ఇంజనీరు పది రోజులు చూసి తేల్చేశారు. వీధులన్నిటికీ బొటనవేలు. గోరు ఒక్క స్టేషను హాల్లోనే, అక్కడ చెట్లు లేవు, జనం ఎక్కువ.

అర్థమైందా? నా అబద్ధం లేకపోయినా ఇదే తేలేది. ఇంకో నెల ఆగి ఆకులు రానిస్తే చాలేది. మోడు చెట్ల కింద నిలబడి నేను ఎందుకు అంత భయపడ్డానో.

ఇక మిగిలింది. రాయడానికి చేయి రావడం లేదు. రిపోర్టులో ఒక వాక్యం చేరింది. నన్నే చదివి వినిపించమన్నారు. "చేతితో కోసిన తీగల్లో డ్రాయింగులో లేని తేడాలు ఉంటున్నాయి, బొటనవేలు అలకి కూడా ఇవి ఒప్పుకోదగినవి కావు, ఈ ప్యానెళ్ళు పూర్తిగా మిషను మీదే చేయాలి." బొటనవేలు గెలిస్తే మీ బల్ల ఉంటుందనుకున్నాం. ఉండదు. నువ్వు నోరు విప్పకపోతే ఆ వాక్యం వచ్చేది కాదు. నీ మీద కోపంతో రాయడం లేదు. కోపం ఎక్కడో ఎక్కుడు దారిలో పడిపోయింది.

నెలాఖరుకి నేను వచ్చేస్తాను. అన్నయ్యతో ఇవేవీ చెప్పకు, నేనే చెబుతాను.

అమ్మడు


వర్క్‌షాపు
జూన్ 26

అమ్మడూ,

రిపోర్టు నీ ఉత్తరం కన్నా ముందే వచ్చింది. మీ అన్నయ్యకి చెప్పేశాను. ఆయన దగ్గర నేనేదీ దాచలేను, మోకాలు నొప్పి ఉన్నా ముఖం చదవడం మానలేదు. "ఇద్దరూ ఇద్దరే" అన్నారు. ఆ తర్వాత లేచి నాకు టీ పెట్టారు. ముప్ఫై ఏళ్ళలో మూడోసారి.

బల్ల ఈ నెలతో సరి. అరచేయి ప్యానెళ్ళు బాగుచేయడానికి ముగ్గురిని ఉంచుతారట. నన్ను ఉంచుతామన్నాడు స్కేలు. నా చూపు ఇంక ఆనదని చెప్పి నిచ్చెన పేరు రాయించాను. అది అబద్ధం కాదులే, డాక్టరు కూడా అదే అన్నాడు. నిచ్చెన వచ్చి నా పక్కన కూర్చుంది. తన డబ్బాలోంచి సగం అన్నం నా డబ్బా మూతలో పెట్టింది.

పైవాళ్ళు ఒకటి అడిగారు. మన చేతులు చేసేవి, డ్రాయింగులో లేనివి, అన్నీ ఒక కాగితం మీద రాసివ్వమన్నారు. మిషనుకి చెప్పుకుంటారట. నేను చెబుతుంటే స్కేలు రాశాడు. రెండు రోజులు పట్టింది. చుట్ట విప్పిన తీగని గంటసేపు బల్ల మీద పడుకోనివ్వాలి, లేకపోతే చుట్ట గుర్తుపెట్టుకుని మళ్ళీ వంగుతుంది. ఎండ బల్ల మీదికి వచ్చినప్పుడు కోయకూడదు. బ్లేడు మార్చాక మొదటి మూడు ముక్కలు పారేయాలి. చుట్ట చివరి మూర వాడకూడదు. వేడి గ్లాసు పట్టుకున్న చేతితో వెంటనే తీగ పట్టకూడదు. చెబుతుంటే నాకే ఆశ్చర్యమేసింది, ఇన్ని ఉన్నాయా అని. మూల మిగులు పన్నెండోది. దాని కింద "అరచేయికి మాత్రమే" అని రాయించాను. పట్టీని కాస్త వెనక్కి జరిపితే మిగులు అవసరమే ఉండదని కూడా చెప్పాను. పంతొమ్మిదేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరితోనూ అనలేదు.

పదహారు అయ్యాయి. స్కేలు పదిహేడు అని అంకె వేసి, "ఇంకేమైనా ఉందా అక్కా?" అన్నాడు.

"ఒకటుంది. మొదటి తీగ కోసేముందు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాను."

వాడు నవ్వలేదు. "ఎంతసేపు?" అని అడిగాడు. మిషనుకి ప్రతిదానికీ సెకన్లు చెప్పాలట.

"రాయొద్దులే బాబూ. దానికి కొలత లేదు."

వాడు ఆ పదిహేడు కొట్టేస్తాడనుకున్నాను. కొట్టేయలేదు. పక్కన ఖాళీగా వదిలేసి కాగితం మడిచాడు.

త్వరగా రా.
వదిన